మారయ్య పండుకునే జాగా

మారయ్యను మొదటిసారి చూసినప్పుడు నాకు ఆయన ముఖం కనపడలేదు. పాదాలు మాత్రమే కనపడ్డాయి.

సింగపూర్‌లోని బిషాన్‌లో ఒక అంగళ్ళ సముదాయం వెనక ఏడంతస్తుల కారు పార్కింగ్ ఉంది. దాని మెట్ల కింద, గోడకూ మెట్ల వాలుకూ నడుమ ఉన్న సందులోంచి బూడిదరంగు మేజోళ్ళ పాదాలు రెండు బయటికి చాచుకుని ఉన్నాయి. పక్కన గడ్డి పరకలు అంటుకున్న రబ్బరు బూట్లు. అప్పుడు పన్నెండూ ఇరవై. పన్నెండుకీ రెండుకీ మధ్య ఈ నగరంలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో చూసి రాయమని మా ప్రొఫెసర్ ఆ సెమిస్టర్‌లో పని అప్పగించారు. నేను ఫోన్ తీసి ఆ పాదాలను ఫొటో తీశాను. సరిగ్గా అప్పుడే కరీంనగర్ నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, పనిల ఉన్న. మళ్ల చేస్త" అన్నాను.

పాదాలు లోపలికి వెళ్ళిపోయాయి. ఒక నిమిషానికి, టోపీ సర్దుకుంటూ, నలభై ఎనిమిదేళ్ళ మనిషి ఒకాయన వంగి బయటికి వచ్చాడు. ఎండకు ముఖం నల్లబడింది గానీ కళ్ళజోడు పెట్టుకునే చోట, కణతల మీద, రెండు తెల్లటి గీతలు మిగిలాయి.

"మన దిక్కు పిల్లవే గదా" అన్నాడు. "ఫొటో తీసినవా బిడ్డా?"

"తీసిన."

"కంప్లైంటు పెడ్తవా?"

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. నడిచిపోయేవాళ్ళు ఎవరో ఒకరు ఫొటో తీస్తారు, పనివేళలో పనివాళ్ళు పడుకున్నారని పంపిస్తారు, సాయంత్రానికి అది సూపర్వైజర్ ఫోన్‌కు వస్తుంది. అది తిండి వేళ అని ఫొటోలో ఉండదు కదా. నేను ఆయన ఎదుటే ఆ ఫొటో తుడిచేశాను. "చెత్తబుట్టల గూడ ఉంటది, అండ్లకెల్లి గూడ తియ్యి" అన్నాడు. తీసి చూపించాను. అప్పుడు నవ్వాడు.

అలా మొదలైంది మా పరిచయం.

మారయ్యది జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి దగ్గర. ఇరవై రెండేళ్ళ వయసులో మస్కట్ వెళ్ళాడు. అక్కడ ఎనిమిదేళ్ళు పైపులు మోశాడు. ఇంటికి వచ్చి పసుపు పండించాడు, రెండుసార్లు బోరు ఎండింది. సింగపూర్‌కు వచ్చి అప్పటికి పదకొండేళ్ళు. నడుముకు మిషిన్ తగిలించుకుని గడ్డి కోయడం ఆయన పని. ఎనిమిది మంది ముఠా. ఆరుగురు మనవాళ్ళు, ఇద్దరు తమిళులు. ముఠాకు పెద్ద ఆయనే. పేరుకు పెద్దే గానీ జీతంలో తేడా ఉండేది కాదు.

పొద్దున నాలుగున్నరకు లేస్తాడు. అయిదున్నరకు లారీ ఎక్కుతాడు. పొద్దున్నే వచ్చిన అన్నం పొట్లం ఎండ తగలని చోట దాచుకుని, పన్నెండింటికి విప్పుతాడు. అప్పటికి పప్పు పులిసి ఉంటే అన్నం మాత్రం తిని, పప్పు పక్కన పెడతాడు. సాయంత్రం ఏడింటికి వసతికి చేరితే, పన్నెండు మంది గదిలో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు, ఎవరి ఫోనో మోగుతూనే ఉంటుంది.

"నాకు రాత్రి నిద్ర నిద్ర కాదు బిడ్డా. పగటి నలభై నిమిషాలే నిద్ర. దాని మీదనే బతుకుతున్న" అనేవాడు.

ఆ నలభై నిమిషాల కోసం ఆయన పడిన శ్రమ చూస్తే నా పరిశోధన సిగ్గుపడాలి. ఏ గోడ నీడ ఏ నెలలో ఎటు జరుగుతుందో ఆయనకు తెలుసు. ఏ మెట్ల కిందికి రెండు భవనాల మధ్య గాలి దూరి వస్తుందో, ఏ పార్కులో నిద్రగన్నేరు చెట్టు కింద ఎర్రచీమలు ఉంటాయో, ఏ కాపలావాడు ఎన్నింటికి తిరుగుతాడో తెలుసు. ఈ మెట్ల కింది జాగా మొదట పాండి అనే తమిళాయనది. ఆయన ఇంటికి వెళ్ళిపోయే వారం మారయ్యను పక్కకు పిలిచి చూపించాడట. ముఠాకు పెద్ద అయ్యాక తనవాళ్ళకు మారయ్య ఒక్కొక్కటే నేర్పాడు.

నేను వారానికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. ఆయన నిద్ర చెడగొట్టకుండా, తినే పది నిమిషాల్లో మాట్లాడేదాన్ని. మిగతా రోజుల్లో నగరం తిరిగేదాన్ని. రాఫెల్స్ ప్లేస్‌లో మధ్యాహ్నం హాకర్ సెంటర్‌కు, అంటే చవక తిండి అంగళ్ళన్నీ ఒకచోట ఉండే హాలుకు, వెళితే, మెడలో కార్డులు వేసుకున్న ఆఫీసువాళ్ళు బల్ల మీద ఒక కాగితపు రుమాళ్ళ ప్యాకెట్ పెట్టి, ధీమాగా వెళ్ళి వరసలో నిలబడతారు. దాన్ని ఇక్కడ చోప్ చేయడం అంటారు. ఆ ప్యాకెట్‌ను ఎవరూ కదపరు. పావుగంట తర్వాత వచ్చినా ఆ కుర్చీ వాళ్ళదే. ఈ మాట మారయ్యతో అంటే ఆయన తన సంగతి చెప్పాడు. ఒకసారి భవనం కింద అరుగు మీద టోపీ పెట్టి నీళ్ళకు వెళ్ళి వస్తే, టోపీ చెత్తడబ్బాలో ఉందట. కడుక్కుని మళ్ళీ పెట్టుకున్నాడట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. నా నోట్‌బుక్‌లో మాత్రం ఆ పేజీ పెన్ను ఒత్తిడికి చిరిగింది.

ఒకరోజు ఆయనే అన్నాడు, "ఇదొక్కటేనా, ఇంకా ఉన్నయి జాగలు. చూపిస్త రా." ఒక ఆదివారం మధ్యాహ్నమంతా నన్ను తిప్పాడు. బిషాన్ చుట్టుపక్కల పదిహేడు చోట్లు. పంపుల గది వెనక, వంతెన కింద, కాండోలనే పెద్ద ప్రైవేటు అపార్ట్‌మెంట్ల గోడకు ఆనుకుని ఉన్న కాలువ గట్టు. ప్రతి చోటా ఎవరెవరు పడుకుంటారో చెప్పాడు: ఇక్కడ గడ్డివాళ్ళు, ఇక్కడ రంగులు వేసేవాళ్ళు, ఇక్కడ లిఫ్టులు తుడిచే చైనా ముసలమ్మ. తిరిగి రైలు స్టేషన్‌కు వచ్చాక అడిగాడు.

"ఇదంత రాస్తవా?"

"రాస్త. మీ పేరు రాయ."

"పేరు రాసుకో, ఏంగాదు. నాలాంటోళ్లు బొచ్చెడు మంది ఉన్నరు. జాగలు మాత్రం రాయకు. రాస్తె పోతయి."

"రాయను. మాట."

నిజంగానే రాయలేదు. తరగతిలో చెప్పినప్పుడు వీధుల పేర్లు తీసేశాను. ఆ చోట్లు గుర్తుపెట్టుకున్న పటం మాత్రం నా ల్యాప్‌టాప్‌లో ఉంది. పదిహేడు ఎర్ర చుక్కలు. ఒక్కో చుక్క పక్కన ఎందరు, ఎన్నింటికి అని.

శశికాంత్ గారిని ఉగాది కార్యక్రమంలో కలిశాను. విజయవాడ మనిషి, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నారు. భవనాల నిర్వహణ చూసే ఒక ప్రైవేటు సంస్థలో పెద్ద పదవి, ఆఫీసు రాఫెల్స్ ప్లేస్‌లో. నేను ఏం చదువుతున్నానని అడిగి, చెప్పింది వింటూ చేతిలోని పచ్చడి కప్పు కింద పెట్టేశారు. అంత శ్రద్ధగా నా పని గురించి అప్పటిదాకా మా ప్రొఫెసర్ కూడా వినలేదు.

"చూడమ్మా అమూల్యా, నేను కూడా ఫస్ట్ ఇయర్ సైట్‌లోనే పనిచేశాను. ఎండంటే ఏంటో నాకు తెలుసు. మా ప్రాపర్టీల్లో వర్కర్స్‌కి రెస్ట్ ఏరియాలు పెట్టాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. ఎక్కడ పెట్టాలో మా వాళ్ళకి ఐడియా లేదు. నీ దగ్గర డేటా ఉంది."

తర్వాతి వారం ఆఫీసుకు పిలిచారు. ఇరవై ఆరో అంతస్తు. నది వంపు కనపడే గదిలో కూర్చోబెట్టి, వాళ్ళ డిజైనర్ గీసిన బొమ్మ చూపించారు. బెంచీలు, గోడ ఫ్యాను, మంచినీళ్ళ కుళాయి. "ఇలాంటివి నీ చోట్లన్నిట్లో పెడితే ఎలా ఉంటుంది? మన వాళ్ళ కోసం ఏదన్నా చెయ్యాలి కదమ్మా."

నేను బెడోక్‌లో అజ్రా ఆంటీ వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. హైదరాబాద్ వాళ్ళు. ఆంటీ ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆ సాయంత్రం వంటింట్లో ఆమెకు ఈ సంగతి చెప్పాను.

"అచ్ఛీ బాతే బేటా" అంది ఆంటీ, దాల్చా కలుపుతూ. "మగర్ ఆ మారయ్యకి చెప్పినవా?"

"పెట్టినాక చెప్త ఆంటీ. చూసి ఖుష్ అయితడు."

ఆంటీ కూతురు, పన్నెండేళ్ళ ఉమైమా, హోంవర్క్‌లోంచి తలెత్తకుండానే అంది, "ఆస్క్ హిమ్ ఫస్ట్ లా. హిస్ ప్లేస్ వాట్."

ఆ పిల్ల ఇక్కడే పుట్టింది, దానికి లా అనకపోతే మాట పూర్తికాదు. నవ్వి ఊరుకున్నాను. ముందు ఆయన్ని అడుగు, జాగా ఆయనదే కదా అని పన్నెండేళ్ళ పిల్ల అన్నది నా చెవికి చేరింది గానీ మనసుకు చేరలేదు. మారయ్యను అడిగితే వద్దంటాడని నాకు లోపల్లోపల తెలుసు. అందుకే అడగలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆయనకు మంచి చేస్తున్నానన్న సంతోషంలో, ఆయనకిచ్చిన మాట నాకు చిన్నదిగా కనపడింది. గురువారం మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని పటం శశికాంత్ గారికి పంపించాను. "గాడ్ బ్లెస్ యు తల్లీ" అని జవాబు వచ్చింది.

తర్వాత పరీక్షలు. మూడు వారాలు బిషాన్ వెళ్ళలేదు. వెళ్ళిన రోజు చేతిలో బత్తాయిల సంచి కూడా ఉంది.

మెట్ల కింది సందుకు ఇనుప జాలీ బిగించి ఉంది. కొత్త తాళం. జాలీ ముందు వరసగా మూడు సిమెంటు కుండీలు, వాటిలో ముళ్ళ మొక్కలు. గోడ మీద నాలుగు భాషల్లో నోటీసు: ఇక్కడ ఎవరూ ఆగరాదు, పడుకోరాదు. తమిళంలో కూడా ఉంది. నేను అక్కణ్ణించి పంపుల గది దగ్గరికి పరుగెత్తాను. అక్కడా జాలీ. వంతెన కింద, పడుకోవడానికి వీల్లేకుండా ఏటవాలుగా సిమెంటు పోశారు. పదిహేడింటిలో శశికాంత్ గారి సంస్థ చేతిలో ఉన్నవి పదకొండు. పదకొండూ మూసేశారు. ఒక్క బెంచీ లేదు. ఒక్క ఫ్యాను లేదు.

ముఠా అంతా చెత్త గది పక్కన, ఎండలో నిలిపిన లారీ మీద కూర్చుని ఉంది. ఒకాయన తలమీద తడి తువ్వాల వేసుకున్నాడు. నన్ను చూసి అందరూ ఒక్కసారి పొట్లాల్లోకి తల దించారు. మారయ్య లేడు.

"మారయ్యన్న ఏడి?" అని అడిగాను.

వాళ్ళలో నిజామాబాద్ వైపు ఆయన, వయసులో నాకంటే కొంచెం పెద్దవాడు, చెయ్యి కడుక్కుంటూ చెప్పాడు.

"సోమవారం పొద్దుగాల మీటింగుల మా మేనేజర్ బిల్డింగోళ్లు పంపిన పటం స్క్రీన్ మీద వేసి చూపెట్టిండు. చుక్కలు చుక్కలు. కింద నీ పేరు. మీ ఇండియా స్టూడెంటే సర్వే చేసింది, మీ తెలుగుపిల్లనే, ఇగ దాక్కునుడు బందు అన్నడు." చెయ్యి తుడుచుకున్నాడు. "నిన్ను తిప్పి చూపించింది మారయ్యన్న గదా. అందరం చూసినం."

"ఆయనకు తెల్వది. నేనే ఇచ్చిన. ఆయన వద్దన్నడు."

"మాకేం ఎరుక" అన్నాడాయన. మళ్ళీ లారీ ఎక్కి అటు తిరిగి కూర్చున్నాడు.

ఆదివారం శశికాంత్ గారింటికి వెళ్ళాను. ఆ పార్కింగ్‌కు రెండు వీధుల అవతలే వాళ్ళ కాండో. కింద హాలులో నాలుగు తెల్లటి సోఫాలు ఉన్నాయి. చల్లటి గాలి వాటి మీద ఊరికే వీస్తోంది. ఎవరూ కూర్చోలేదు. పైన ఆయన భార్య సుస్మిత ఆంటీ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. నేను కాఫీ ముట్టుకోకుండా అడిగాను.

"బెంచీలేవి అంకుల్?"

"అది ఫేజ్ టూ అమ్మా. ముందు సేఫ్టీ ఆడిట్ వచ్చింది. మెట్ల కింద మనిషి పడుకుంటే, ఏదన్నా జరిగితే, లయబిలిటీ ఎవరిది? మాది. రెసిడెంట్స్ కంప్లైంట్లు ఎన్నో తెలుసా నీకు?"

"మీరు ఆ బొమ్మ చూపించిన్రు."

"చూపించా. బడ్జెట్‌లో పెట్టా కూడా. కట్ అయింది. నా చేతిలో ఏముంది?" ఆయన గొంతు పెరగలేదు. అంతసేపూ దయగానే మాట్లాడారు. "రిపోర్ట్‌లో నీకు క్రెడిట్ ఇచ్చాం కదా, చూశావా? మా డైరెక్టర్ చాలా ఇంప్రెస్ అయ్యాడు. సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి అప్లై చెయ్యి, నేను చెప్తా."

"మారయ్యను ఎక్కడికి పంపించిన్రు?"

"మారయ్య ఎవరు?" అన్నారాయన.

నిజంగానే తెలియదు. నటన కాదు. నేను మూడు నెలల్లో చూసిందంతా విన్న మనిషి, నా పటంలోని చుక్కలన్నీ గుర్తుపెట్టుకున్న మనిషి, ఆ పేరు మాత్రం వినలేదు. ఈయన నన్ను మోసం చేశాడు అనుకుంటూ లిఫ్టు దిగాను. కింద అద్దంలో నా ముఖం కనపడ్డాక, మోసం చేసింది ఆయన ఒక్కడేనని అనుకోలేకపోయాను. మారయ్యకు మాట ఇచ్చింది నేను, శశికాంత్ గారు కాదు.

మారయ్య నా ఫోన్ ఎత్తలేదు. నిజామాబాద్ ఆయనే, నాలుగోసారి అడిగితే, బెడోక్ వైపు వేశారని చెప్పాడు. పెద్దరోడ్డు అంచున గడ్డి. నేను ఉండే పేటే. రోజూ నేనెక్కే బస్సు ఆ రోడ్డు మీదుగానే పోతుంది. రెండు రోజులు కిటికీలోంచి చూసి, మూడోరోజు మధ్యాహ్నం బస్సు దిగాను. రోడ్డు పక్కన చెట్లు అప్పుడే నాటినవి, కర్రలు కట్టి నిలబెట్టినవి, మోకాలంత నీడ కూడా లేదు. ఆయన మిషిన్ పక్కన పెట్టి, గట్టు మీద ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చెయ్యి అన్నంలోనే ఉంది.

"చెప్పండి మేడం" అన్నాడు.

అంతకుముందు ఎప్పుడూ ఆయన నన్ను బిడ్డా అనే పిలిచాడు.

జరిగింది మొత్తం చెప్పాను. ఇరవై ఆరో అంతస్తు, బొమ్మ, బెంచీలు, గురువారం. ఒక్కటీ దాచలేదు. ఆయన చివరిదాకా విన్నాడు. కార్లు పోయే చప్పుడుకు కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"మీరు మంచికే చేసిన్రు, నాకెరుకే" అన్నాడు.

"నన్ను తిట్టున్రి."

"తిట్టి ఏం చేస్త? చదువుకున్నోళ్లు మీరు. మీకు పెద్ద సార్లు కుర్సీ ఏసి మాట్లాడ్తరు. వాళ్లు చెప్పింది మీరు నమ్ముతరు. గంతే." పొట్లం మూశాడు. "నన్నడిగితె నేనొద్దని చెప్దును. అందుకే అడగలె మీరు. అవునా?"

"అవును."

ఆయన తలాడించాడు. అంతవరకు ఆయనకు అది కచ్చితంగా తెలియదేమో. నేను అవునన్నాక ఆయన ముఖంలో ఉన్న చివరి మెత్తదనం పోవడం నేను చూశాను.

"పాండన్న నాకొక్కనికే చెప్పి పోయిండు. నేను మా ఏడుగురికి చెప్పిన. పదకొండేండ్లు ఒక్కడు కూడ బయట అనలె. నేనే అన్న." ఆయన నీళ్ళసీసా మూత బిగించాడు. "గదిల నాతోని ఎవలు మాట్లాడ్తలేరు. అన్నం ఒక్కన్నే తింటున్న. వేరే సైటుకు నేనే అడిగి మార్పించుకున్న. వాళ్ల ముంగట ఆ లారీ మీద కూసోలేక."

నేను ముఠా దగ్గరికి వెళ్ళి నిజం చెప్తానన్నాను. "మీ ఇష్టం మేడం" అన్నాడు. మిషిన్ నడుముకు తగిలించుకున్నాడు. ఒంటిగంట ఇంకా కాలేదు. ఆ రోజు ఆయన నిద్రపోలేదు.

మరుసటి ఆదివారం నేను వాళ్ళ వసతి ఉన్న చోటుకు వెళ్ళాను. గేటు బయట, దుకాణం ముందు, ఏడుగురినీ పిలిచి మాట్లాడాను. తప్పు నాదని, మారయ్య జాగలు రాయొద్దన్నాడని, నేను మాట తప్పానని చెప్పాను. ఇద్దరు నమ్మారు. ఒక తమిళాయన, నిజామాబాద్ ఆయన. మిగతా అయిదుగురు విన్నారు, అంతే. నమ్మి మాత్రం వాళ్ళకు ఏం తిరిగి వస్తుంది?

సంస్థకు ఉత్తరం రాశాను. మా ప్రొఫెసర్‌కు చెప్పి, ఆమె సంతకంతో ఇంకొకటి పంపాను. మీ సూచనలను గౌరవిస్తున్నాం అని రెండు పేరాల జవాబు వచ్చింది. ఆ జవాబులో బెంచీ అన్న మాట లేదు. ఇంటర్న్‌షిప్‌కు నేను దరఖాస్తు పెట్టలేదు. ఈ పని మీదే రాసిన థీసిస్‌లోంచి, చోట్ల గురించిన అధ్యాయం మొత్తం తీసేశాను. పరీక్షకుల్లో ఒకరు, ఇంత పనిచేసి చోట్ల వివరాలు ఎందుకు లేవని అడిగారు. వాటిని చెప్పే హక్కు నాకు లేదన్నాను. మార్కులు తగ్గాయి. అది శిక్ష అని చెప్పుకుంటే నాకే నవ్వు వస్తుంది.

మారయ్యకు పర్మిట్ ఇంకో రెండేళ్ళు పొడిగించారని నిజామాబాద్ ఆయన చెప్పాడు. బెడోక్ వైపే ఉన్నాడు. గదిలో ఇప్పుడిప్పుడే ఇద్దరు ముగ్గురు పలకరిస్తున్నారట. నా నంబరు మాత్రం తీసేశాడట. అప్పుడప్పుడు బస్సులోంచి ఆయన కనపడతాడు. ముఖానికి జాలీ తొడుగు, చెవులకు రక్షణ, చేతుల్లో మిషిన్. నేను దిగను.

పోయిన నెల బిషాన్‌లో ముఠా కనపడింది. లారీ మీద ఎవరూ లేరు. ఒంటిగంటకు ఒక్కొక్కరే ఎక్కణ్ణించో వచ్చి మిషిన్లు ఎత్తుకుంటున్నారు. నిజామాబాద్ ఆయన చెంప మీద చేతిరుమాలు ముడతల గుర్తు ఉంది. కొత్త జాగా దొరికిందన్నమాట. నన్ను చూసి, తాను ఎటు నుంచి వచ్చాడో నాకు తెలియకుండా, రెండడుగులు పక్కకు జరిగి నిలబడ్డాడు.

"తిన్నరా?" అని అడిగాను.

"తిన్నం" అన్నాడు.

నేను రైలు స్టేషన్ వైపు తిరిగాను. నేను మలుపు దాటేదాకా ఆయన అక్కణ్ణించి కదల్లేదు.